సీటు కుదిరితేనే సవారీ

కొత్త సైకిల్ కొన్న పదిరోజులకు చాలామంది చేసే పని ఒకటుంది. మళ్లీ దుకాణానికెళ్లి మెత్తటి సీటు కవరు కొనుక్కోవడం. స్పాంజి కవరు, జెల్ కవరు, బొచ్చు కవరు... అవేవీ దొరక్కపోతే ఇంట్లో పాత తువ్వాలును నాలుగు మడతలు పెట్టి తాడుతో కట్టేయడం! ఓ వారం హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత నొప్పి మళ్లీ మొదలు. ఈసారి దానికి తోడు తిమ్మిరి. 'ఇక మనకెక్కడి సైకిల్‌లే' అనుకుని దాన్ని గోడకు ఆనించేస్తారు. నిజానికి తప్పు వయసుదీ కాదు, సైకిల్‌దీ కాదు. జానెడు సీటుది. ఇంకా చెప్పాలంటే మెత్తగా ఉంటేనే హాయిగా ఉంటుందన్న మన నమ్మకానిది.

జగిత్యాల నుంచి సారంగాపూర్ మీదుగా బీర్పూర్ వెళ్లే దారిలో పొద్దున్నే నిలబడితే ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా మోటారు సైకిళ్లే. అయినా మామూలు సైకిల్ పూర్తిగా పోలేదు. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, వెనకాల పార కట్టుకుని పొలానికి పోయేవాళ్లున్నారు. రెండువైపులా లొట్లు వేలాడదీసుకుని తాటివనానికి వెళ్లే గౌడన్నలున్నారు. బడికెళ్లే పిల్లలు సరేసరి. కోరుట్లలో, సిరిసిల్లలో సాంచాల గల్లీల్లో కూడా అంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. ఇంతమంది రోజూ కూర్చునే వస్తువు గురించి మనం ఆలోచించేది మాత్రం చాలా తక్కువ. టైరు గురించి బేరమాడతాం, బెల్లు మోగించి చూస్తాం, సీటును చేత్తో ఒకసారి నొక్కి 'మెత్తగానే ఉంది' అనేసి డబ్బులిచ్చేస్తాం.

తాతల కాలం నాటి సైకిల్ ఎక్కినవాళ్లకు ఇంకోరకం సీటు గుర్తుండే ఉంటుంది. నల్లగానో, ముదురు గోధుమరంగులోనో నిగనిగలాడుతూ, కింద లావుపాటి స్ప్రింగులతో, ముట్టుకుంటే చెక్కలా గట్టిగా ఉండే తోలు సీటు. పెళ్లిలో అల్లుడికి సైకిలూ వాచీ రేడియో పెట్టిన రోజుల్లో ఆ సీటుకున్న దర్జాయే వేరు. తర్వాత్తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీలు రేకు మీదా, ప్లాస్టిక్ మీదా స్పాంజి పరిచి రెక్సిన్ తొడగడం మొదలుపెట్టాయి. తోలు సీటు చల్లగా తెరమరుగైంది. విచిత్రమేమిటంటే, ఒకేరోజు మూడు, నాలుగువందల కిలోమీటర్లు తొక్కేవాళ్లు ఇప్పుడు దాన్నే వెతుక్కుంటున్నారు. విదేశీ కంపెనీ సీటయితే ధర పదివేలు దాటుతుంది. మన ఊళ్లో దొరికే మామూలు సైకిల్ మొత్తం ధర కంటే ఎక్కువ! అంత గట్టి సీటులో ఏముందని?

రెండు ఎముకల లెక్క

కుర్చీలో నిటారుగా కూర్చుని పిరుదుల కింద చేతులు పెట్టి చూడండి. రెండు గట్టి బుడిపెలు తగులుతాయి. కటి ఎముకకు అడుగుభాగాన ఉండే కొసలవి. మనిషి బరువు మొయ్యడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. సైకిల్ మీద కూడా బరువు వాటి మీదే పడాలి. వాటి నడుమ ఉండే మెత్తటి భాగంలోంచి సున్నితమైన నరాలూ రక్తనాళాలూ వెళ్తాయి. అక్కడ బరువు పడకూడదు.

మరీ మెత్తటి సీటుతో వచ్చే చిక్కు ఇక్కడే. కూర్చోగానే ఎముకలు స్పాంజిలోకి దిగబడతాయి. దిగబడ్డకొద్దీ మధ్యలోని స్పాంజి పైకి ఉబుకుతుంది. ఎక్కడ ఒత్తిడి ఉండకూడదో సరిగ్గా అక్కడే ఒత్తుతుంది. పావుగంట ప్రయాణానికి తెలియదు. గంట దాటితే తెలుస్తుంది. దుకాణంలో చేత్తో నొక్కినప్పుడు అసలు తెలియదు. బజారుకెళ్లి కూరగాయలు తెచ్చుకునే సవారీకి స్పాంజి సీటు చాలు, దానికోసం వేలు తగలెయ్యక్కర్లేదు. రోజుకు రెండుమూడు గంటలు సైకిల్ మీదే ఉండేవారి సంగతి వేరు.

తోలు సీటును అర్థం చేసుకోవాలంటే నులకమంచాన్ని తలచుకోవాలి. నులకమంచం కింద ఏ ఆధారమూ ఉండదు. నాలుగు పట్టెల మధ్య నులక బిగించి ఉంటుంది. పడుకున్నవారి ఒంటిని బట్టి ఎక్కడ దిగాలో అక్కడ దిగుతుంది, అయినా నేలకు తగలదు. తోలు సీటూ అంతే. వెనక ఒక ఇనుప చట్రం, ముందు ముక్కు దగ్గర ఒక ఇనుప కొస. ఈ రెండింటి మధ్య ఐదు మిల్లీమీటర్లకు అటూఇటూ మందం ఉన్న ఒకే తోలు ముక్కను రివిట్లతో బిగించి లాగి ఉంచుతారు. కింద ఏమీ ఉండదు, గాలి తప్ప. తొక్కగా తొక్కగా ఎముకలు ఆనే చోట రెండు చిన్న గుంతలు పడతాయి. అవి ఆ మనిషివే. ఒకరి సీటు మరొకరికి అంత హాయిగా ఉండకపోవడానికి కారణం అదే. నులక వదులైతే కాళ్లవైపు తాడు బిగిస్తాం కదా, ఇక్కడ ముక్కు కింద ఉండే బోల్టు ఆ పని చేస్తుంది.

ఇంకో లాభం ఉంది. స్పాంజి, రెక్సిన్ వేడిని పట్టి ఉంచుతాయి, చెమటను కిందికి పోనివ్వవు. ఎండాకాలం 45 డిగ్రీలు చూసే జగిత్యాల ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. తోలు కొంత చెమటను పీల్చుకుంటుంది, కింద గాలి ఆడుతుంది. ఒరుసుకుపోయి పుండ్లు పడే అవకాశం తగ్గుతుంది.

గుర్రం పోయింది... సీటు వచ్చింది

తోలు సీటు అనగానే ప్రపంచమంతటా మొదట వినిపించే పేరు ఇంగ్లండుకు చెందిన బ్రూక్స్. ఆ సంస్థ చెప్పుకునే కథ సరదాగా ఉంటుంది. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనే యువకుడు 1865లో జేబులో ఇరవై పౌండ్లతో బర్మింగ్‌హామ్ చేరాడు. మరుసటేడు గుర్రపు జీన్లు, పగ్గాల వ్యాపారం పెట్టాడు. 1878లో అతని గుర్రం చచ్చిపోయింది. ఇంకోటి కొనే స్తోమత లేక ఎవరిదో సైకిల్ ఎరువు తెచ్చుకుని పనికి వెళ్లాడు. ఆనాటి సీటు మీద కూర్చుని నరకం చూశాక, జీను కుట్టే చేతులతో సీటు ఎందుకు చెయ్యకూడదు అనిపించింది. 1882లో పేటెంటు వచ్చింది. ఆ సంస్థ 'బి17' అనే రకాన్ని 1890ల నుంచీ దాదాపు అదే రూపంలో చేస్తూనే ఉంది. 2002లో ఇటలీకి చెందిన సెల్లె రాయల్ చేతుల్లోకి వెళ్లింది కానీ, తోలు సీట్లు తయారయ్యేది ఇంగ్లండులోనే.

మన తాతల నాటి ఖరీదైన రాలీ సైకిళ్లకు వచ్చింది ఈ బ్రూక్స్ సీటే. స్వాతంత్ర్యం వచ్చాక అసన్‌సోల్‌లో సెన్-రాలీ, సోనీపత్‌లో అట్లాస్, లూథియానాలో హీరో, మద్రాసులో టీఐ సైకిల్స్... ఇలా మన దేశంలోనే సైకిళ్లు తయారవడం మొదలైంది. సీటు తోలు నుంచి రెక్సిన్‌కి మారింది ఈ చేతుల మీదుగానే. అందులో కొన్ని కంపెనీల కథ కూడా ముగిసింది. అట్లాస్ ఆఖరి కర్మాగారం సాహిబాబాద్‌లో మూతపడింది 2020 జూన్ 3న. ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే!

తంగేడు చెక్కలో ఉంది కిటుకు

ఏ తోలు పడితే అది సీటుకు పనికిరాదు. ఇది కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి. ఇవాళ బజార్లో దొరికే బూట్లు, సంచుల తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో శుద్ధి చేసినదే. పని త్వరగా అయిపోతుంది, తోలు మెత్తగా సాగేలా వస్తుంది. చేతిసంచికి అది మంచిదే. కానీ బిగించి కూర్చుంటే సాగిపోతుంది, ఆకారం నిలవదు. సీటుకు కావలసింది చెట్టు బెరడుతో, కాయలతో వారాల తరబడి ఊరబెట్టి శుద్ధి చేసిన తోలు. అది గట్టిగా ఉంటుంది. తడిపి ఏ ఆకారంలో ఆరబెడితే ఆ ఆకారంలోనే నిలబడుతుంది.

ఈ విద్య ఇంగ్లండు నుంచి నేర్చుకోవలసింది కాదు. బతుకమ్మలో మొదటి వరుసలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు... దాని బెరడులో తోలును శుద్ధిచేసే టానిన్లు దండిగా ఉంటాయి. ఇంగ్లిషులో ఆ చెట్టును 'టానర్స్ కేషియా' అంటారు. తోలు పనివారి తంగేడు అని అర్థం. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు గీకేసిన తోళ్లను తంగేడు చెక్క, కరక్కాయ కషాయంలో ఊరబెట్టే తొట్టిని మన పల్లెల్లో లంద అన్నారు. చెప్పులు, ఎడ్ల పగ్గాలు, మోటబావి తొండాలు... ఊరి వ్యవసాయమంతా ఆ లందలోంచి వచ్చిన తోలు మీదే నడిచింది. ఆ పని తెలిసిన చేతులను మాత్రం ఊరు వెలివాడలో ఉంచింది. దుర్వాసనా, శ్రమా వాళ్లవి. తోలూ, సౌకర్యమూ అందరివి. మోటలు పోయి మోటార్లు వచ్చాక, ప్లాస్టిక్ చెప్పులు ఊళ్లోకి దిగాక లందలూ పోయాయి. వాటితోపాటు ఏ తోలు ఎలా నడుచుకుంటుందో ముట్టుకుని చెప్పగలిగే జ్ఞానం కూడా చాలావరకు పోయింది.

తోలు పరిశోధనలో ప్రపంచస్థాయి పేరు తెచ్చుకున్నది ఒక తెలుగువాడే. గుంటూరు ప్రాంతపు యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు 1958 నుంచి 1971 దాకా సారథ్యం వహించారు. తోలు శాస్త్రాన్ని ప్రయోగశాల గోడలు దాటించి పల్లెల్లోని తోలు పనివారి దగ్గరకు తీసుకెళ్లాలన్నది ఆయన తపన. 1985లో కనిష్క విమానం పేల్చివేతలో మరణించారు.

కొనేముందు అట్టముక్క

ఇక ఎంపిక సంగతి. దీనికి కావలసింది ఒక అట్టపెట్టె ముక్క, ఒక స్కేలు. ముడతల అట్టముక్కను గట్టి బల్ల మీదో, అరుగు మీదో పెట్టి దాని మీద కూర్చోండి. సైకిల్ మీద ఎలా వంగుతారో అలాగే కాస్త ముందుకు వంగి, మడమలు కొద్దిగా ఎత్తి, అర నిమిషం ఆగండి. లేచి చూస్తే అట్ట మీద రెండు నొక్కులు కనిపిస్తాయి. కనిపించకపోతే వేళ్లతో తడిమితే తెలుస్తుంది. రెండింటి మధ్య బిందువుల దూరం కొలవండి. చాలామందికి 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆడవారికి సగటున కాస్త ఎక్కువ. మనిషి లావుకూ దీనికీ సంబంధం లేదు. బక్కపలచటి మనిషికి వెడల్పు సీటు కావలసి రావచ్చు, భారీ మనిషికి సన్న సీటు సరిపోవచ్చు.

తోలు సీటు వెనకవైపు ఇనుప చట్రం ఉంటుందని చెప్పుకున్నాం కదా. ఎముకలు ఆ ఇనుము మీదగానీ రివిట్ల మీదగానీ పడకూడదు. వాటికి లోపల, తోలు మీదే పడాలి. అందుకే కొలతకు కనీసం రెండుమూడు సెంటీమీటర్లు కలుపుకొని సీటు వెడల్పు చూసుకోవాలి. 'బి17' వెడల్పు సుమారు 17 సెంటీమీటర్లు. ఎక్కువమందికి సరిపోవడానికి ఇదే కారణం.

వెడల్పుతోపాటు కూర్చునే తీరూ చూడాలి. పొలం దారిలో తొక్కే మన నల్ల సైకిల్‌కి హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది. నడుము నిటారుగా ఉంటుంది, బరువంతా సీటు మీదే. అలాంటి సైకిల్‌కి 20 సెంటీమీటర్లకు పైగా వెడల్పున్న స్ప్రింగుల సీటు కావాలి. గతుకుల్లో స్ప్రింగులు నడుముకు మేలు చేస్తాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద, వంగి వేగంగా తొక్కేవారికి స్ప్రింగులు అనవసరం. బరువు చేతులకూ కాళ్లకూ పంచుకుపోతుంది కాబట్టి సన్నటి సీటు చాలు. వెడల్పు సీటు పెడితే తొడలు ఒరుసుకుంటాయి. ఇతరుల సైకిల్ మీద చూసి అదే సీటు కొనడం శుద్ధ దండగ.

చీరలోనో, పంజాబీ డ్రెస్సులోనో తొక్కేవారికి ముక్కు పొట్టిగా, వెనక వెడల్పుగా ఉండే రకాలున్నాయి. బట్ట చిక్కుకోదు, దిగడం ఎక్కడం తేలిక. పిల్లల సైకిల్‌కి మాత్రం తోలు సీటు వద్దు. వాళ్ల బరువుకు తోలు లొంగదు, లొంగేలోపు వాళ్లే పెరిగిపోతారు.

తోలా? తోలు తొడుగా?

ఆన్‌లైన్లో 'లెదర్ సీటు' అని వెతికితే కొన్ని వందల రూపాయల నుంచీ కనిపిస్తాయి. ఫొటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. తిరగేసి చూస్తేనే గుట్టు బయటపడుతుంది. అడుగున ప్లాస్టిక్ లేదా రేకు డొప్ప కనిపించిందా... అది తోలు సీటు కాదు, డొప్ప మీద తోలో, రెక్సినో తొడిగిన స్పాంజి సీటు. అసలైన దానికి అడుగున తోలు లోపలివైపే కనిపిస్తుంది, నూగునూగుగా, పీచుపీచుగా. రెక్సిన్ అయితే వెనకాల గుడ్డ ఉంటుంది. అంచు చూడండి. అసలు తోలు అంచు కోత పొడవునా ఒకే మందంగా ఉంటుంది, పొరలు విడివడవు. ముక్కు కింద బిగించే బోల్టు ఉందో లేదో కూడా చూడాలి. అది లేని సీటు వదులైతే ఇక అంతే సంగతులు.

తోలు వాడటం ఇష్టంలేనివారికీ దారి ఉంది. బ్రూక్స్ సంస్థే 2013 నుంచి సహజ రబ్బరు మీద నూలుగుడ్డ పొదిగిన సీట్లు చేస్తోంది. వానకు తడిసినా ఏం కాదు. సూత్రం అదే, బిగించిన నులకమంచం. కాకపోతే తోలులా మనిషి ఆకారానికి రాదు.

కొత్త చెప్పు కరుస్తుంది

కిర్రుచెప్పులు తొడిగినవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. మొదటి వారం కరుస్తాయి, ఆ తర్వాత కాలిలో భాగమైపోతాయి. తోలు సీటూ కొన్ని వందల కిలోమీటర్ల దాకా గట్టిగానే ఉంటుంది. రోజుకు పది కిలోమీటర్లు తొక్కేవారికి ఒకటి రెండు నెలలు. ఈ ఓపిక లేక చాలామంది మొదటి వారమే అమ్మేస్తారు. అలాంటి సీటు తక్కువ ధరకు దొరికితే వదులుకోకూడదు!

త్వరగా మెత్తబడాలని కొందరు కొబ్బరినూనె, ఆముదం పట్టించేస్తారు. చెప్పులకు ఆముదం రాసే అలవాటు మనది. సీటుకు అది చేటు. నూనె ఎక్కువ తాగిన తోలు ఉయ్యాలలా జారిపోతుంది, మధ్యలో ఇనుము తగులుతుంది. సీటు కోసం తయారుచేసే మైనం లాంటి పూతలు దొరుకుతాయి. పశువుల కొవ్వు, తేనెమైనం లాంటివి కలిపి చేసినవి. వాటిని పలచగా పూసి, ఆరాక గుడ్డతో రుద్దాలి. మొదట్లో ఒకటి రెండుసార్లు, ఆపైన ఏడాదికి రెండు మూడుసార్లు చాలు.

ముక్కు కింది బోల్టు జోలికి ఊరికే వెళ్లకూడదు. పానా చేతిలో ఉంది కదాని బిగిస్తూపోతే తోలు రివిట్ల దగ్గర చిరుగుతుంది. సీటు స్పష్టంగా వదులైందనిపిస్తేనే, పావు చుట్టు నుంచి అర చుట్టు. అదీ తోలు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు.

తోలు సీటుకు అసలు శత్రువు వాన. తడిసిన తోలు మీద కూర్చుంటే సాగి ఆకారం చెడుతుంది. వెనక మడ్‌గార్డు లేని సైకిళ్లకు పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ నీళ్లు కొడతాయి, ఆ సంగతి చాలామంది గమనించరు. సీటు కింద ఒక ప్లాస్టిక్ సంచి దోపుకుంటే చినుకు పడగానే తొడిగేయొచ్చు. తడిస్తే నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ముసురు రోజుల్లో బూజు పడితే కంగారొద్దు, పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పట్నంలో ఉండేవాళ్లకు ఇంకో బెడద... దొంగలు! పదివేల సీటును విప్పుకుపోవడానికి రెండు నిమిషాలు చాలు. పాత సైకిల్ చైను ముక్కను రబ్బరు ట్యూబులో దూర్చి సీటును చట్రానికి కట్టేసుకునేవాళ్లు అందుకే కనిపిస్తారు.

తిమ్మిరిని తేలిగ్గా తీసుకోవద్దు

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా తెలియాలి. కూర్చునే ఎముకల దగ్గర నొప్పి వేరు, మధ్యభాగంలో తిమ్మిరి వేరు. మొదటిది కొత్త సీటుతో, కొత్తగా తొక్కడంతో వస్తుంది, కొన్ని వారాల్లో తగ్గుతుంది. రెండోది అలవాటు కావలసిన విషయం కాదు. నరాలు, రక్తనాళాలు నలుగుతున్నాయని శరీరం పంపే కబురు. 'తొక్కగా తొక్కగా అదే పోతుందిలే' అని ఓర్చుకోవడం మంచిది కాదు. మొహమాటపడి ఇంట్లో చెప్పకపోవడం ఇంకా మంచిది కాదు.

సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకు ఈ ఇబ్బంది ఉందని అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ పరిశోధకులు గమనించారు. 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆర్నెల్లు వాడించారు. మొదట్లో తిమ్మిరి లేదన్నవారు 27 శాతమే. ఆర్నెల్ల తర్వాత వాళ్లు 82 శాతం. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తోలుదైనా, స్పాంజిదైనా ముక్కు భాగం మీద బరువు పడితే ముప్పే అని దీన్నిబట్టి అర్థమవుతుంది. తోలు సీట్లలోనూ మధ్యన నిలువు చీలిక ఉన్న రకాలున్నాయి. ముందుకు వంగి తొక్కేవారికి అవి మేలు. సీటు సర్దినా, మార్చినా తిమ్మిరి పోకపోతే, మూత్రానికి సంబంధించిన ఇబ్బంది ఏదైనా ఉంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

అయితే సీటు మార్చేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. సర్దడం! మన ఊళ్లలో రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటును కిందికి దించేసుకోవడం అలవాటు. దానివల్ల మోకాళ్లు ఎప్పుడూ మడతలోనే ఉంటాయి, కాళ్లు మొయ్యాల్సిన బరువు కూడా సీటు మీదే పడుతుంది. సీటు మీద కూర్చుని పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు మడమ పెడతే కాలు నిటారుగా రావాలి. అదీ సరైన ఎత్తు. వాలు కూడా చూసుకోవాలి. మేస్త్రీ దగ్గరుండే రసమట్టం సీటు మీద పెడితే మట్టంగా ఉండాలి. తోలు సీటు మధ్యలో దిగుతుంది కాబట్టి ముక్కు వెంట్రుకవాసి పైకి ఉండొచ్చు. మరీ పైకి ఉంటే తిమ్మిరి, కిందికి ఉంటే ముందుకు జారిపోయి చేతులు నొప్పి. ఇంకో చిన్నమాట... జీన్సు ప్యాంటు కుట్లన్నీ కలిసేది సరిగ్గా అక్కడే. పంచె కట్టుకుని పాతిక మైళ్లు తొక్కిన పెద్దవాళ్లకు ఆ బాధ ఉండేది కాదు మరి!

అటకమీది సీటు

హైదరాబాద్, విశాఖల్లో రాండనియర్లు అనే సైకిలిస్టులున్నారు. పోటీ ఉండదు, గడువు ఉంటుంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు. అలాంటివాళ్లలో తోలు సీటుకు అభిమానులు ఎక్కువ. అర కిలో బరువున్నా సరే మోస్తారు. వాళ్లు వేలు పోసి తెప్పించుకునే వస్తువు మన పల్లెల్లో అటకలమీదా, పాత సైకిల్ దుకాణాల మూలల్లో ఇనుప సామాన్ల కిందా పడి ఉండే అవకాశం ఉంది. సారంగాపూర్ లాంటి ఊళ్లలో తాత సైకిల్‌ను తూకానికి అమ్మేసే ముందు ఒక్కసారి సీటు విప్పి చూడటం మంచిది.

చూడాల్సినవి ఇవి. తోలును వేలితో నొక్కితే కొద్దిగానైనా లొంగుతోందా? లొంగకుండా పటపటమని పగులుతుంటే ఇక పనికిరాదు. రివిట్ల చుట్టూ చిరుగులున్నాయా? చట్రం వంకరపోయిందా? ముక్కు బోల్టు తుప్పుపట్టి ఉంటే కిరోసిన్ చుక్కలు వేసి ఓ రాత్రి వదిలేస్తే కదులుతుంది. తోలు బాగానే ఉండి రెండు పక్కలా రెక్కల్లా విచ్చుకుపోయి ఉంటే, దానికి వైద్యం చెప్పులు కుట్టేవారి దగ్గరే ఉంది. రెండువైపులా కింది అంచుల్లో ఆరెతో నాలుగైదు రంధ్రాలు పొడిచి, సీటు అడుగునుంచి బూటు లేసులా తాడు అల్లి బిగిస్తే ఆకారం తిరిగొస్తుంది.

తోలు పూర్తిగా పాడైనా చట్రం గట్టిగా ఉంటే కొత్త తోలు వెయ్యొచ్చు. బెరడుతో శుద్ధి చేసిన, ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న వీపుభాగం తోలు కావాలి. జగిత్యాలలోనో, కోరుట్లలోనో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చునేవారి దగ్గర అది ఉండకపోవచ్చు, వాళ్లకిప్పుడు వచ్చే పనంతా రబ్బరు, రెక్సిన్‌లదే. చెన్నై, కాన్పూర్, కోల్‌కతాల నుంచి తెప్పించుకోవాలి. దాన్ని నీళ్లలో నానబెట్టి, పాత సీటు ఆకారంలో చెక్కిన దిమ్మె మీద పరిచి, చేతులతో ఒత్తి ముడతలు లేకుండా దించి, మేకులతో పట్టి, రెండుమూడు రోజులు నీడలో ఆరనివ్వాలి. ఆ తర్వాత అంచులు రంపెతో కోసి రాగి రివిట్లతో చట్రానికి బిగించాలి. పని చెప్పేటప్పుడు తోలు ముక్కతో పాటు పాత సీటు కూడా తీసుకెళ్లాలి. రివిట్ల రంధ్రాలు ఎక్కడ పొడవాలో దాన్ని చూస్తేనే తెలుస్తుంది.